ఆధునిక నాటకం కథ – 4: నోరా గడప దాటిందా, లేదా?

1880 ఫిబ్రవరిలో, జర్మనీ ఉత్తరపు కొసనున్న ఫ్లెన్స్‌బుర్గ్ పట్టణంలో ఒక మూడంకాల నాటకం ఆడారు. అందులో నోరా అనే ఇల్లాలు. ఎనిమిదేళ్ల కాపురం, ముగ్గురు పిల్లలు. చివరి అంకంలో ఆమె భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పుట్టింట్లో తండ్రికి బొమ్మగా, ఈ ఇంట్లో మొగుడికి బొమ్మగా బతికానే తప్ప మనిషిగా బతకలేదని లెక్క తేల్చేస్తుంది. ఇల్లు విడిచి వెళ్లడానికి లేస్తుంది. భర్త ఊరుకోడు. రెక్క పట్టుకుని పిల్లల పడకగది గుమ్మం దాకా లాక్కుపోతాడు. తెల్లారి లేచేసరికి వీళ్లకు తల్లి ఉండదు, చూసుకో అంటాడు. నిద్రపోతున్న పిల్లల్ని చూసి నోరా ఆ గుమ్మంలోనే కూలబడుతుంది. తెర పడుతుంది.

ఈ ముగింపు రాసినవాడు హెన్రిక్ ఇబ్సెన్. ఇది తన నాటకం మీద జరిగిన ఆటవిక దౌర్జన్యమని అదే నెలలో ఒక డేనిష్ పత్రికకు ఉత్తరం రాసినవాడూ ఇబ్సెనే.

అంతకు రెండు నెలల ముందు, 1879 డిసెంబరు 21న, కోపెన్‌హాగెన్ రాయల్ థియేటర్లో ఈ నాటకం మొట్టమొదటిసారి ఆడినప్పుడు నోరా కూలబడలేదు. గుమ్మం దాటి వెళ్లిపోయింది. కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు విన్నాకే తెర పడింది. ఒకే నాటకానికి ఒకే రచయిత చేత రెండు ముగింపులు రాయించినదేమిటో ఈ వారం చూద్దాం. నాటక రచయితకు తన నాటకం మీద ఎంత హక్కుండేదో, ఆ హక్కును అతను ఎక్కణ్ణించి సంపాదించుకున్నాడో అందులో బయటపడుతుంది.

పోయిన భాగంలో పారిస్‌లో యూజీన్ స్క్రైబ్ దగ్గర ఆగాం. ఒక రహస్యం, ఒక ఉత్తరం, ఆ ఉత్తరం చేరకూడని చేతికి చేరుతుందేమోనన్న భయం, చివరి నిమిషంలో ముడి విప్పే ఉపాయం: ఈ నాలుగింటితో వందల నాటకాలు అల్లి యూరపు రంగస్థలాన్ని ఏలినవాడు స్క్రైబ్. అతని దగ్గర పారిస్ వెళ్లకుండానే చదువుకున్న శిష్యుడు ఇబ్సెన్. 1828లో నార్వేలోని షీన్ పట్టణంలో పుట్టాడు. ఏడేళ్లప్పుడు తండ్రి వ్యాపారం దివాలా తీసింది. పదిహేనేళ్లు నిండాయో లేదో గ్రిమ్‌స్టాడ్ అనే చిన్న రేవు ఊళ్లో మందుల కొట్లో పనికి కుదిరాడు. 1851లో వయొలిన్ విద్వాంసుడు ఊలె బుల్ బెర్గెన్‌లో తాను పెట్టిన నాటకశాలకు ఇతన్ని పిలిచాడు. అప్పటికి ఇబ్సెన్‌కు ఇరవై మూడేళ్లు. ఏటా జనవరి 2న, నాటకశాల పుట్టినరోజుకు, ఒక కొత్త నాటకం రాసివ్వాలన్నది ఒప్పందంలో ఒక షరతు. రాశాడు. చాలావరకు దెబ్బతిన్నాయి.

పనికొచ్చింది రాత కంటే రంగం వెనక చాకిరీ. నటులు ఎటు నడవాలో, బల్ల ఎక్కడుండాలో, దీపం ఎప్పుడు తగ్గాలో అన్నీ అతనే చూసుకోవాలి. ఆరేళ్లలో ఆ వేదిక మీద ఆడినవాటిలో సగానికి సగం ఫ్రెంచి నాటకాలే, అందులో ఇరవైకి పైగా స్క్రైబ్‌వి. నచ్చినా నచ్చకపోయినా ఆ యంత్రాన్ని మళ్లీ మళ్లీ విప్పి బిగించాల్సి వచ్చింది. ఏ మర ఎక్కడుందో చేతులకు తెలిసిపోయింది. తర్వాత క్రిస్టియానియా (ఇప్పటి ఓస్లో) వెళ్లి అక్కడి నార్వేజియన్ థియేటర్లో చేరాడు. అది 1862లో మూతపడింది. అప్పులు, తాగుడు, చేతిలో ఉద్యోగం లేదు. 1864లో కొంత సర్కారు ప్రయాణ భత్యం, కొంత స్నేహితుల చందా పట్టుకుని ఇటలీ దారి పట్టాడు. రెండుసార్లు కొద్దిరోజులకు వచ్చి వెళ్లడం తప్పిస్తే మళ్లీ ఇరవై ఏడేళ్ల దాకా స్వదేశంలో కాపురం పెట్టలేదు.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త నిలబడాలి. దేశం వదిలాక ఇబ్సెన్‌కు చేతికింద నాటకశాల లేదు, నటులు లేరు. ఉన్నది ఒక ప్రచురణకర్త. కోపెన్‌హాగెన్‌లో గిల్డెన్‌డాల్ సంస్థను నడిపే ఫ్రెడరిక్ హేగెల్. 1866లో 'బ్రాండ్' అనే పద్యనాటకాన్ని హేగెల్ పుస్తకంగా వేశాడు. ఆడటానికి కాదు, చదవటానికి రాసిన నాటకం. ముద్రణ వెంట ముద్రణ అమ్ముడుపోయింది. ఆ పుస్తకం పుణ్యాన నార్వే పార్లమెంటు అతనికి సాలీనా కవి వేతనం ఇచ్చింది. ఆనాడు నార్వే వాళ్లు రాసేదీ, డెన్మార్క్ వాళ్లు రాసేదీ దాదాపు ఒకే భాష కాబట్టి ఒక్క పుస్తకానికి రెండు దేశాల పాఠకులు. పైగా క్రిస్మస్‌కు పుస్తకాలు కానుకగా ఇచ్చుకోవడం అక్కడి అలవాటు. అందుకే ఇబ్సెన్ నాటకాలు చాలావరకు నవంబరు చివర్లోనో డిసెంబరులోనో బజారుకొచ్చేవి. రెండేళ్లకొకటి. జనం ముందు చదివేవారు, ఆ తర్వాతే నాటకశాలలు ఆడేవి.

నాటకశాల నుంచి అచ్చాఫీసుకు ప్రయాణించే నాటకాన్ని ఇలా తిరగేసి, అచ్చాఫీసు నుంచి నాటకశాలకు నడిపించడంలో పెద్ద మార్పుంది. యజమాని ఏమంటాడో, నాయిక వేషం కట్టే ఆవిడ ఒప్పుకుంటుందో లేదో అన్న బెంగ లేకుండా రచయిత తన ముగింపును తను రాసుకోవచ్చు. తర్వాత రంగం మీద ఎవరు ఏ అంకం కోసేసినా అసలు పాఠం ఇంటింటా అలమారల్లో ఉంటుంది. ఇబ్సెన్ సంభాషణల గురించి, స్త్రీ పాత్రల గురించి పేజీలకు పేజీలు రాసిన విమర్శకులు ఈ పుస్తకాల బేరానికి ఒక పేరా కూడా ఇవ్వకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

పద్యం వదిలేయడం కూడా ఈ కాలంలోనే. 'బ్రాండ్', 'పీర్ గింట్' రాసిన చేయి తక్కువ చేయి కాదు. మన దగ్గర రాగం తీసి పద్యం ఎత్తుకోగానే వన్స్‌మోర్లు పడే రోజుల్లో ఒక పేరుమోసిన కవి లేచి, ఇక మీదట నా పాత్రలు పద్యం పాడవు అంటే ఎలా ఉంటుందో అలాంటి నిర్ణయం అది. చూసేవాడికి ఎదురుగా నిజంగా జరుగుతున్నదన్న భ్రమ కలగాలంటే మనుషులు మాట్లాడుకునే మాటే కావాలన్నది అతని వాదన. 1877లో వచ్చిన 'పిల్లర్స్ ఆఫ్ సొసైటీ' పూర్తి వచనం. మరుసటేడు తొలినాళ్లలో బెర్లిన్‌లో రెండు వారాల వ్యవధిలో అయిదు నాటకశాలలు దాన్ని ఆడాయి, అదీ మూడు వేర్వేరు అనువాదాల్లో. పేరు మోగిపోయింది. డబ్బు మాత్రం రాలేదు. డెన్మార్క్, నార్వే పుస్తకాలకు జర్మనీలో కాపీరైటు రక్షణ లేదు. ఎవరైనా అనువదించుకోవచ్చు, ఎవరైనా ఆడుకోవచ్చు, ఎలాగైనా మార్చుకోవచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు లారా పెటర్సెన్ అనే అమ్మాయి దగ్గరకు రావాలి. 'బ్రాండ్' చదివి ఆవేశపడి దానికి జవాబుగా 'బ్రాండ్ కూతుళ్లు' అనే పుస్తకం రాసింది. ఇబ్సెన్‌కు ఆమె హుషారు నచ్చింది. ఆమెను భరతపక్షి అని ముద్దుగా పిలిచేవాడు. ఆమె విక్టర్ కీలర్ అనే డేనిష్ ఉపాధ్యాయుణ్ణి పెళ్లాడింది. అతనికి క్షయ పట్టుకుంది. వెచ్చని దేశానికి తీసుకువెళ్తేగాని బతకడని వైద్యులన్నారు. డబ్బు మాటెత్తితే భర్తకు వెర్రి కోపం. లారా అతనికి తెలియకుండా అప్పుచేసి ఇటలీ తీసుకెళ్లింది. మనిషి కోలుకున్నాడు. అప్పు మాత్రం మెడకు చుట్టుకుంది. తీర్చడానికి హడావిడిగా ఒక నవల రాసి, హేగెల్‌కు సిఫారసు చెయ్యమని 1878లో ఇబ్సెన్‌కు పంపింది. రాత బాగాలేదని ఇబ్సెన్ కుదరదన్నాడు. అలాంటి కష్టం భర్తతో చెప్పుకోవాలి గాని ఒంటరిగా మొయ్యకూడదని హితవు కూడా చెప్పాడు. దిక్కుతోచక లారా ఒక హుండీ మీద దొంగ సంతకం పెట్టింది. బయటపడింది. తను ఎవరి ప్రాణం కోసం ఇదంతా చేసిందో ఆ భర్తే ఆమెను పిల్లలకు దూరం చేసి, విడాకులు కోరాడు. ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టారు. నెల తర్వాత బయటికొచ్చి, పిల్లల కోసం చివరికి ఆ ఇంటికే తిరిగి వెళ్లింది.

ఇబ్సెన్‌కు ఇదంతా తెలుసు. 1878 అక్టోబరులో రోములో కూర్చుని ఆధునిక విషాదాంతం ఒకటి రాయాలని కొన్ని ముక్కలు రాసుకున్నాడు. ఆడదానికి ఒక అంతరాత్మ, మగవాడికి మరొకటి ఉంటాయనీ, లోకం మాత్రం ఆడదాని మీద మగవాడి చట్టంతో తీర్పు చెబుతుందనీ అందులోని సారం. లారాకు సిఫారసు చెయ్యని మనిషే లారా బతుకుతో నాటకం కట్టాడు. గొప్ప నాటకమే. అయినా లెక్క సరిపోదు. లారా కీలర్ తర్వాత సొంతంగా పుస్తకాలు రాసి పేరు తెచ్చుకుంది. 1932 దాకా బతికింది. లోకం మాత్రం చివరివరకూ ఆమెను నోరా అనే చూసింది. ఆమె దాన్ని ఏనాడూ క్షమించలేదు.

అదే చలికాలంలో రోములోని స్కాండినేవియన్ క్లబ్బులో ఒక రగడ. క్లబ్బు గ్రంథాలయం చూసే జీతపు ఉద్యోగం ఆడవాళ్లకూ ఇవ్వాలనీ, సమావేశాల్లో ఆడ సభ్యులకు ఓటుండాలనీ ఇబ్సెన్ ప్రతిపాదించాడు. మొదటిది నెగ్గింది. రెండోది ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. కోపంతో లేచి వెళ్లిపోయినవాడు కొన్నాళ్లకు క్లబ్బు విందులో పతకాలన్నీ తగిలించుకుని ప్రత్యక్షమయ్యాడు. పోట్లాట మరిచాడనుకుని అందరూ సంతోషించారు. ఉన్నట్టుండి నిలబడి ఆ మగవాళ్లనీ, తమ మేలు తామే కాదన్న ఆ ఆడవాళ్లనీ కలిపి ఉతికేశాడు. ఒక దొరసాని స్పృహతప్పి పడిపోయిందని అక్కడున్నవారు రాశారు. ఆ వేసవిలో అమాల్ఫీ సముద్రపుటొడ్డున నాటకం పూర్తయింది.

'డాల్స్ హౌస్'లో మొదటి రెండంకాలు స్క్రైబ్ చూసినా శభాష్ అనేవాడు. నోరా తన భర్త హెల్మర్ ప్రాణం కాపాడటానికి 4,800 క్రోనర్లు అప్పు తెచ్చింది. ఆడది భర్త అనుమతి లేకుండా అప్పు పుట్టించలేని కాలం కాబట్టి పత్రం మీద తండ్రి హామీ సంతకం తనే పెట్టేసింది. చిక్కేమిటంటే తండ్రి సెప్టెంబరు 29న పోయాడు, సంతకం కింద తేదీ అక్టోబరు 2. అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్ ఈ తేడా పట్టేశాడు. అతను పనిచేసే బ్యాంకుకే హెల్మర్ పైఅధికారిగా రాబోతున్నాడు, క్రోగ్‌స్టాడ్‌ను తీసెయ్యబోతున్నాడు. బెదిరింపు మొదలవుతుంది. అన్ని సంగతులూ రాసిన ఉత్తరం వచ్చి హాల్లో ఉత్తరాల పెట్టెలో పడుతుంది. పెట్టెకు అద్దం ఉంది, లోపల ఉత్తరం కనిపిస్తూనే ఉంటుంది. తాళంచెవి మొగుడి దగ్గర. ఆ పెట్టె జోలికి అతను పోకుండా రెండో అంకం చివర నోరా టరాంటెల్లా నాట్యం సాధన పేరుతో ఒళ్లు మరిచి చిందులేస్తుంది.

స్క్రైబ్ అయితే ఏం చేసేవాడో ఊహించడం కష్టం కాదు. ఉత్తరం మాయమయ్యేది. లేదా భర్త చదివి, కన్నీళ్లు పెట్టుకుని, తప్పంతా తన మీద వేసుకునేవాడు. నోరా కూడా సరిగ్గా ఆ అద్భుతం కోసమే ఎదురుచూస్తుంది. ఇబ్సెన్ ఉత్తరాన్ని చదివిస్తాడు. హెల్మర్ మండిపడతాడు. నువ్వు పిల్లల్ని పెంచడానికి తగవంటాడు, లోకం కోసం మాత్రం కాపురం ఉన్నట్టు నటిద్దామంటాడు. అంతలో రెండో ఉత్తరం వస్తుంది. క్రోగ్‌స్టాడ్ మనసు మార్చుకుని పత్రం తిప్పి పంపాడు. ముడి విడిపోయింది. పాత లెక్కలో నాటకం అయిపోయినట్టే. హెల్మర్ తను బయటపడ్డానని గంతులేస్తాడు. భార్య సంగతి ఆమె అడిగాక గాని గుర్తురాదు. ఆ క్షణంలో నోరా లోపలికెళ్లి విందు దుస్తులు మార్చుకుని మామూలు బట్టల్లో వచ్చి, దీపం కింద బల్లకు ఇటూ అటూ కుర్చీలు వేయించి, కూర్చో మాట్లాడాలంటుంది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో మొగుడూ పెళ్లాం కూర్చుని గంభీరంగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ముడి విడిపోయాక నాటకం అసలు మొదలవడం, అందులోనూ ఇద్దరు మనుషులు కదలకుండా కూర్చుని వాదించుకోవడం అప్పటి ప్రేక్షకుడికి కొత్త. తర్వాత బెర్నార్డ్ షా ఇక్కడే వేలుపెట్టి చూపించాడు: పాత నాటకంలో పరిచయం, చిక్కు, విడుపు; ఇబ్సెన్ విడుపు తీసేసి అక్కడ చర్చ పెట్టాడని.

పుస్తకం 1879 డిసెంబరు 4న వచ్చింది. 8,000 ప్రతులు నెల తిరక్కుండా అమ్ముడయ్యాయి. జనవరిలో మరో 3,000, మార్చిలో మరో 2,500. అప్పటికి స్కాండినేవియాలో నాటకం పుస్తకానికి ఇది ఊహకందని అంకె. కోపెన్‌హాగెన్‌లో బెట్టీ హెన్నింగ్స్ నోరా వేషం కట్టింది. జనవరిలో స్టాక్‌హోమ్, క్రిస్టియానియా. ఆ చలికాలం విందులకు పిలిచే కార్డుల మీద, దయచేసి ఆ నాటకం ఊసెత్తవద్దని రాసేవారట. ఊసెత్తితే భోజనాల బల్ల దగ్గరే కొట్లాట.

జర్మనీ దగ్గరికొచ్చేసరికి అడ్డుపడింది హెడ్విగ్ నీమన్-రాబె. పెద్ద తార. నేనైతే నా పిల్లల్ని వదిలి వెళ్లను కాబట్టి నా నోరా కూడా వెళ్లదు అని తేల్చి చెప్పింది. ఇప్పుడు ఆ కాపీరైటు సంగతి గుర్తుచేసుకోండి. ఇబ్సెన్ కాదంటే ఆమె ఆగదు. ఏ కిరాయి రచయిత చేతో నాలుగు పేజీలు గిలికించి ఆడేస్తుంది, చట్టం ఆమెను ఏమీ చెయ్యలేదు. చెడగొట్టక తప్పదన్నప్పుడు ఆ పనీ తనే చేద్దామనుకున్నాడు. తప్పనిసరైతేనే వాడమని చెప్పి ఆ గుమ్మం దృశ్యాన్ని జర్మన్ అనువాదకుడు విల్హెల్మ్ లాంగెకు పంపాడు. అలా ఫ్లెన్స్‌బుర్గ్‌లో నోరా కూలబడింది. ఆ తర్వాత పత్రికకు రాసిన ఉత్తరంలో ఈ సంగతంతా దాచకుండా చెప్పి, తన ఇష్టానికి పూర్తిగా విరుద్ధంగా జరిగిన పని ఇదని ప్రకటించాడు. మారిన ముగింపు పెద్దగా రక్తి కట్టలేదు. పుస్తకం చదివి వచ్చినవాళ్లకు నోరా వెళ్లిందని తెలుసు కదా. కొన్నాళ్లకు నీమన్-రాబె కూడా అసలు ముగింపే ఆడింది.

ఇంగ్లండులో ఇంకా ఘనంగా జరిగింది. 1884లో హెన్రీ ఆర్థర్ జోన్స్, హెన్రీ హెర్మన్ కలిసి 'బ్రేకింగ్ ఎ బటర్‌ఫ్లై' పేరుతో దీన్ని తిరగరాశారు. అందులో భర్త నేరం తన మీద వేసుకుంటాడు, భార్య తప్పు తెలుసుకుని ఇంట్లోనే ఉంటుంది. నోరా ఎదురుచూసి దొరకని అద్భుతాన్ని ఆ ఇద్దరూ తీసుకొచ్చి చేతిలో పెట్టారు. అసలు నాటకం లండన్‌లో ఎలా బతికిందంటే, ఇళ్లలో. 1886 జనవరిలో కార్ల్ మార్క్స్ కూతురు ఎలియనోర్ తన ముందుగదిలో మిత్రుల్ని పోగేసి పాత్రలవారీగా చదివించింది. ఆమె నోరా, ఆమె సహచరుడు అవెలింగ్ హెల్మర్, ఇరవై తొమ్మిదేళ్ల షా క్రోగ్‌స్టాడ్. ఆ రోజు ఆ నాటకం దేని గురించో తనకు సరిగ్గా తెలియదని షా తర్వాత ఒప్పుకున్నాడు. లండన్ రంగస్థలం మీద విలియం ఆర్చర్ అనువాదంలో నిజమైన నోరాను చూడటానికి 1889 జూన్ 7 దాకా ఆగాల్సి వచ్చింది. జానెట్ అచర్చ్ కట్టిన ఆ వేషం చూసి షాకు మతిపోయింది.

ఇదంతా జరిగేలోగా ఇబ్సెన్ ఇంకో అడుగు ముందుకేసి ఉన్నాడు. తల్లి పిల్లల కోసం సర్దుకుపోవాలి అన్నవాళ్లకు జవాబుగా, సర్దుకుపోయిన తల్లిని చూపించాడు. 'ఘోస్ట్స్'లో మిసెస్ ఆల్వింగ్ ఒకసారి తిరుగుబోతు భర్తను వదిలి వెళ్లిపోయి, పాస్టరు బోధ విని తిరిగొచ్చిన ఇల్లాలు. భర్త పోయాడు. అతని పేరు మీద అనాథాశ్రమం కట్టించింది. కొడుకు ఆస్వాల్డ్‌కు మాత్రం తండ్రి సుఖరోగం పుట్టుకతోనే అంటింది. తన మెదడు పూర్తిగా చెడినప్పుడు తన దగ్గరున్న మార్ఫిన్ తల్లే ఇవ్వాలని మాట తీసుకుంటాడు. చివర్లో సూర్యోదయం అవుతుంది, కొడుకు మతి పోతుంది, తల్లి చేతిలో మందు. ఇచ్చిందా, లేదా? తెర పడిపోతుంది. ఈసారి ఏ తారామణీ ముగింపు మార్చమనే వీలు లేకుండా ముగింపే రాయలేదు. ఇంతకీ ఆమె మందు ఇస్తుందా అని ఆర్చర్ ఒకసారి నేరుగా అడిగాడు. ఇంత కష్టమైన ప్రశ్నను నేను తేల్చగలనా, మీరేమనుకుంటున్నారని ఇబ్సెన్ నవ్వేశాడు.

నమ్ముకున్న పుస్తకం ఒక్కటీ ఈసారి చేయిచ్చింది. 1881 డిసెంబరులో హేగెల్ 10,000 ప్రతులు వేశాడు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఇంట్లో ఆ పుస్తకం ఉందంటే నామోషీ. దుకాణాలు కట్టలకు కట్టలు తిప్పి పంపాయి. మళ్లీ ముద్రణ 1894లో గాని రాలేదు. కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్, క్రిస్టియానియా పెద్ద నాటకశాలలు మూడూ తలుపులు మూశాయి. దాంతో 'ఘోస్ట్స్' తొలి ప్రదర్శన భూగోళానికి అటువైపు జరిగింది: 1882 మే 20న చికాగోలోని అరోరా టర్నర్ హాల్లో, వలసవెళ్లిన స్కాండినేవియన్లు తమ భాషలోనే ఆడుకున్నారు. యూరపులో మొదట ఆడిన ధైర్యం స్వీడిష్ నటుడు ఆగస్ట్ లిండ్‌బెర్గ్‌ది, 1883 ఆగస్టులో హెల్సింగ్‌బోర్గ్‌లో.

ఆ తర్వాతి సంగతి నాటక సాహిత్యం కన్నా సంఘాల నమోదు చట్టానికి దగ్గరగా ఉంటుంది. బెర్లిన్‌లో పోలీసు నిషేధం, లండన్‌లో లార్డ్ ఛాంబర్లేన్ సెన్సారు. రెండూ టిక్కెట్టు కొని ఎవరైనా చూడగలిగే బహిరంగ ప్రదర్శనల మీదే. సభ్యత్వ చందా కట్టినవాళ్ల కోసం సంఘం ఆడుకుంటే అది సొంత వ్యవహారం. ఈ సందులోంచి ఆధునిక నాటకం దూరింది. పారిస్‌లో గ్యాస్ కంపెనీ గుమాస్తా ఆంద్రే ఆంత్వాన్ 1887లో 'తియాత్ర్ లీబ్ర్' పెట్టాడు, 1890లో తనే ఆస్వాల్డ్ వేషం కట్టాడు. బెర్లిన్‌లో ఓటో బ్రామ్ బృందం 'ఫ్రయ్ బ్యూనె' 1889 సెప్టెంబరు 29న, ఆదివారం మధ్యాహ్నం, 'ఘోస్ట్స్'తోనే మొదలైంది. మరుసటి నెలలోనే గెర్‌హార్ట్ హాప్ట్‌మన్ అనే కుర్రాణ్ణి లోకానికి చూపించింది. లండన్‌లో డచ్చి దేశం నుంచి వచ్చిన జె. టి. గ్రైన్ 1891 మార్చి 13న ఇండిపెండెంట్ థియేటర్ సొసైటీ తరఫున 'ఘోస్ట్స్' ఒకే ఒక్క ఆట వేశాడు. డైలీ టెలిగ్రాఫ్ సంపాదకీయం ఆ నాటకాన్ని మూతలేని మురుగు కాలువతో, కట్టు విప్పిన పుండుతో పోల్చింది. ఆర్చర్ ఆ తిట్లన్నీ ఏరి ఒకచోట అచ్చువేసి లోకాన్ని నవ్వించాడు. ఇంగ్లండులో ఆ నాటకానికి బహిరంగ ప్రదర్శన అనుమతి దొరికింది 1914లో.

గ్రైన్‌కు ఇంగ్లిషులోనే కొత్త నాటకం ఒకటి కావలసివచ్చింది. షా దగ్గర సగంలో వదిలేసిన రాతప్రతి ఉంటే దుమ్ము దులిపి పూర్తిచేసి ఇచ్చాడు. 1892 డిసెంబరులో ఆడిన ఆ నాటకమే 'విడోయర్స్ హౌసెస్'. మురికివాడల అద్దెలు తిని పెద్దమనుషులుగా చలామణీ అయ్యేవారి కథ. అదే 1892లో విజయనగరంలో గురజాడ 'కన్యాశుల్కం' తొలిసారి రంగమెక్కింది. ఒకరి గురించి ఒకరికి తెలియదు, లంకె పెట్టనక్కర్లేదు. కానీ గురజాడ కూడా 1909లో ఆ నాటకాన్ని తిరగరాసేటప్పుడు ఒక్క రాత్రిలో ఆడి ముగించగలమా అన్న దిగులు పెట్టుకోలేదు. పుస్తకంగా వచ్చింది, తెలుగువాళ్లు పుస్తకంగానే కంఠస్థం చేశారు. నేరుగా ఇబ్సెన్ గాలి మన వైపు వీచింది కాస్త ఆలస్యంగా. మద్రాసులో న్యాయవాదిగా ఉన్న పి. వి. రాజమన్నార్ రాసిన 'తప్పెవరిది'ని ఆ దారిలో వచ్చిన తొలి తెలుగు నాటకాల్లో లెక్కిస్తారు. ఇంగ్లండు వెళ్లి షాను కలిసివచ్చిన బళ్ళారి రాఘవ దాన్ని ఆడాడు. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టిన మనిషి చేతిలో ఆ నాటకం పడటం సబబే. రాజమన్నార్ ఆ తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

నార్వేలో పెళ్లయిన స్త్రీకి తన పేరున లావాదేవీలు చేసుకునే హక్కు 1888లో వచ్చింది. ఆస్తి హక్కు కోసం 1884లో పార్లమెంటుకు వెళ్లిన అర్జీ మీద సంతకం చేసిన నలుగురు రచయితల్లో ఇబ్సెన్ ఒకడు. అయినా 1898లో నార్వే మహిళా హక్కుల సంఘం తనకు విందు చేసినప్పుడు ఆ గౌరవాన్ని మర్యాదగా పక్కకు జరిపేశాడు. ఆ ఉద్యమమంటే ఏమిటో కూడా తనకు స్పష్టంగా తెలియదనీ, తను రాసింది మనుషుల గురించనీ అన్నాడు. విందుకు పిలిచినవాళ్లు నొచ్చుకున్నారు. రోము క్లబ్బులో ఒక్క ఓటు కోసం అంత గొడవ చేసిన మనిషే ఇలా అనడం నాకూ మింగుడుపడదు. పొగడ్తకు దొరికిపోవడం ఇష్టంలేని ముసలి మొండితనం అని సరిపెట్టుకుంటాను.

నోరా మీద అందరికన్నా ఎక్కువ కక్షగట్టిన స్వీడన్ రచయిత మాత్రం ఒకడున్నాడు. 1884లో 'గిఫ్టాస్' అనే కథల పుస్తకం వేసి, అందులో ఒక కథకు ఇబ్సెన్ నాటకం పేరే పెట్టి, ముందుమాటలో నోరా అబద్ధాలన్నీ వరసగా లెక్కపెట్టి, ఆ ఇంట్లో అన్యాయమైపోయింది మొగుడేనని వాదించాడు. ఇబ్సెన్ అంటే అతనికి మంట. ఇబ్సెన్ ఏం చేశాడంటే, 1895లో అతని చిత్రపటం ఒకటి కొని తను రాసుకునే గదిలో తగిలించాడు. ఆ పిచ్చివాడి కళ్లు పైనుంచి చూస్తుంటే పని బాగా సాగుతుందని వచ్చినవాళ్లకు చెప్పేవాడట. ఆగస్ట్ స్ట్రిండ్‌బెర్గ్ కథ వచ్చే వారం.